పాత చేతి మిషనుకు నూనె పెట్టే ముందు

నల్లకుంట,
హైదరాబాదు.

చి. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో నీవు కొన్న చేతి కుట్టు మిషను ఫోటోలు చూసి ఎంతో సంతోషించాను. చక్రం కదలడం లేదని, గట్టిగా తిప్పి చూడమంటావా అని అడిగావు. వద్దమ్మా, తిప్పవద్దు. ఏళ్ళ తరబడి మూలపడిన మిషను బిగుసుకుపోయిందంటే, చాలాసార్లు ఎవరో ఎప్పుడో పోసిన నూనె ఎండి, దారపు నూగుతో కలిసి బంకలా గట్టిపడిందని అర్థం. ఆ బంక కరగడానికి కొన్ని నూనె చుక్కలూ రెండు మూడు రోజుల ఓపికా కావాలి. బలం చూపిస్తే హ్యాండిలుకున్న పళ్ళచక్రం విరగవచ్చు.

దాని మీద 99కె అని ఉంది కనుక అది సింగర్ వారి 66వ రకం మిషనునే ముప్పాతిక కొలతలో చేసిన చిన్న మిషను. ఆ 'కె' అన్న అక్షరం స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు ఊళ్ళో ఉండిన కిల్‌బోవి కర్మాగారానికి గుర్తు. ఆ కర్మాగారం 1980లోనే మూతబడింది. అందువల్ల దానిలోని ప్రతి చిన్న స్క్రూ విలువైనదే అనుకొని, విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసుకో, విప్పినవాటిని విప్పిన వరుసలోనే ఒక స్టీలు పళ్ళెంలో పేర్చుకో. స్క్రూ గాడికి సరిగ్గా నిండుగా సరిపోయే స్క్రూడ్రైవరునే వాడు. సన్నటిది వాడితే అది జారి గాడిని తినేస్తుంది, ఆ తరువాత ఆ స్క్రూను ఎవరూ విప్పలేరు.

పైన కనబడే మురికి సంగతి ముందే చెబుతాను, ఎందుకంటే ఆ విషయంలో నేను చేసిన తప్పు నీవు చేయకూడదు. మా అమ్మ మిషనును తళతళలాడించాలన్న తొందరలో నేను దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. దూది నల్లబడింది, మిషను మీద వేసిన బంగారు రంగు తీగెల బొమ్మలలో సగం దూదికి అంటుకొని వచ్చాయి. ఈ పాత మిషన్ల నల్ల రంగు మీదా, బంగారు బొమ్మల మీదా లక్క పూత ఉంటుంది. మన లాడ్ బజారు గాజులకు వాడే లక్క ఏ పురుగు నుంచి వస్తుందో ఇదీ దాని నుంచి వచ్చేదే. స్పిరిట్ తగిలితే అది కరిగిపోతుంది. కనుక మెత్తని పాత నూలుగుడ్డకు రెండు చుక్కల మిషన్ ఆయిల్ అద్ది నెమ్మదిగా తుడువు, బొమ్మల మీద అసలు రుద్దవద్దు. నీళ్ళూ సబ్బూ దగ్గరకు రానీయకు.

ఇక లోపలి పని. సూదినీ, గుడ్డను నొక్కి పట్టే పాదాన్నీ తీసివేసి, సూది కింది పలకకున్న రెండు స్క్రూలు విప్పితే, గుడ్డను లాగే పళ్ళ మధ్య నూగు దుప్పటిలా పేరుకొని ఉండడం కనిపిస్తుంది. చిన్న రంగుల బ్రష్షుతోనూ, వెదురు పుల్లతోనూ దాన్ని బయటికి లాగు. నోటితో ఊదితే తేమ చేరుతుంది. బాబిన్, అంటే కింది దారపు చుట్ట, కూర్చునే చోట, సూది దారాన్ని పట్టుకొనే హుక్కు పక్కన, చిన్న ఎర్ర ఫెల్టు (ఉన్ని గుడ్డలాంటిది) ముక్క ఉంటుంది. నూగు అనుకొని దాన్ని పీకి పారవేసేవారు చాలామంది. అది నూనె పీల్చుకొని హుక్కు తిరిగే దారిని తడుపుతూ ఉండడానికి పెట్టినది, దానికి ఒక చుక్క పోసి అక్కడే ఉంచు.

నూనె విషయంలో ఇంట్లో ఉన్నదేదో వాడేద్దాం అనుకోకమ్మా. కొబ్బరినూనె మన హైదరాబాదు చలికాలంలో సీసాలోనే గడ్డకడుతుంది. మిషను కీళ్ళలోనూ అదే జరుగుతుంది. వంటనూనెలు గాలి తగిలి జిగురుగా మారుతాయి, ఆముదం సంగతి చెప్పనే అక్కరలేదు. నీళ్ళలా తెల్లగా, పలచగా ఉండే మిషన్ ఆయిల్ చిన్న సీసా ఒకటి కొంటే నీకు ఏళ్ళు వస్తుంది. మిషను పైభాగంలో అడ్డంగా ఉండే చేతి మీద కనబడే రంధ్రాలలోనూ, ఎడమవైపు మూత తీస్తే కనబడే సూది కడ్డీ, పాదం కడ్డీ, దారం ఎత్తే మీట కీలుల మీదా, తరువాత మిషనును వెనక్కి వాల్చి అడుగున ఒక లోహం మరొక లోహాన్ని రాసుకొనే ప్రతి చోటా ఒక్కొక్క చుక్క చాలు. గంట ఆగి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ వేలెడంత మాత్రం ఆడించు. కదలకపోతే మళ్ళీ చుక్క వేసి రాత్రంతా వదిలెయ్యి. అప్పటికీ లొంగకపోతే కొద్దిగా కిరసనాయిలు వేసి కరిగించమని సింగర్ వారి పాత పుస్తకాలలోనే ఉంది. అయితే పొయ్యికీ దీపానికీ దూరంగా, కిటికీలు తెరిచి ఆ పని చెయ్యి. కిరసనాయిలు ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది కాబట్టి పూర్తిగా తుడిచిన తరువాత మళ్ళీ మిషన్ ఆయిల్ పెట్టాలి.

చక్రం మాత్రమే పట్టుకుపోయి ఉంటే, దాని మధ్యనున్న గుండ్రని బిగింపు బిళ్ళలోని చిన్న స్క్రూను వదులు చేసి బిళ్ళను తీయి. లోపల రెక్కలున్న ఒక వాషరు ఉంటుంది. అది ఏ వైపుకు ఉందో తప్పక ఫోటో తీసుకో. ఇరుసును తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ అమర్చాక బిళ్ళ బిగించినా చక్రం విడిగా తిరుగుతూ ఉంటే వాషరును సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టు. బిగిసిన తరువాత చక్రాన్ని ఎప్పుడూ పైనుంచి నీ వైపుకు వచ్చేటట్టే తిప్పాలి.

దారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళల మధ్యా, బాబిన్‌కు దారం చుట్టే రబ్బరు వలయానికీ నూనె తగలకూడదు. బిళ్ళల మధ్య పొడి గుడ్డ ముక్కను లాగితే చాలు. హ్యాండిలు పళ్ళచక్రాలకు నూనె నిలవదు, కాస్త గ్రీజు పట్టించు.

అంతా అయ్యాక దారం లేకుండా పాత గుడ్డ మీద కొంతసేపు కుట్టు. మిగిలిన నూనెను ఆ గుడ్డ పీల్చుకుంటుంది. ఇలా చేయకుండా నీ కొత్త జాకెట్టు ముక్కను పెట్టవద్దు. పాత సూదిని పారవేసి, ఇంటి మిషన్లకు వాడే 14 లేదా 16 నంబరు సూది పెట్టు. బాబిన్ కొనడానికి జనరల్ బజారుకు వెళ్ళేటప్పుడు పాతదాన్ని సంచిలో వేసుకొని వెళ్ళి పక్కపక్కన పెట్టి పోల్చు. దీని బాబిన్‌కు రెండు వైపులా ఉండే బిళ్ళలు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. మామూలు చదును బాబిన్ అదే కొలత అని అంగడివారు చెప్పినా తీసుకోకు. చక్రం కదిలిన రోజున ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ