పప్పు మానేస్తే మెదడులో ప్రోటీన్ కరుగుతుందా?

పాఠకుల ఆరోగ్య సందేహాలు: ఈసారి వణుకుజబ్బు (పార్కిన్సన్స్)

ప్రశ్న: మా అత్తగారికి 66 ఏళ్ళు. రెండేళ్ళుగా కుడిచెయ్యి వణుకుతోంది, నడక నెమ్మదించింది. విశాఖ తీసుకెళ్ళి చూపిస్తే, మెదడులో ప్రోటీన్ ముద్దకట్టడం వల్ల ఈ జబ్బు వస్తుందని చెప్పారు. అప్పట్నుంచి మావారు ఆవిడకి పప్పు, గుడ్లు, చేపలు మాన్పించేశారు. అంబలి, చద్దన్నం, కాయగూరలతో నెట్టుకొస్తున్నాం. ఆర్నెల్లలో ఆరు కిలోలు తగ్గిపోయారు. మేం చేస్తున్నది సరైనదేనా?
– ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: కాదమ్మా. ఇవాళ్టి నుంచే పప్పు పెట్టండి. పేరు ఒకటే గానీ ఆ ప్రోటీన్ వేరు, ఈ ప్రోటీన్ వేరు. తిన్న పప్పు, చేప పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోయాకే రక్తంలోకి వెళ్తాయి. మెదడులో ముద్దకట్టేదాని పేరు ఆల్ఫా సైన్యూక్లిన్. దాన్ని నరాల కణాలు తమంతట తామే తయారుచేసుకుంటాయి. ఉపవాసం ఉన్నా ఆ తయారీ ఆగదు.

అది 140 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. నరాల కొసల్లో డోపమిన్ లాంటి రసాయనాలు నింపుకున్న బుడగల దగ్గర ఉంటుంది. విడిగా ఉన్నప్పుడు దానికంటూ ఒక ఆకారం లేదు, వదులు దారం. బుడగ పొరకి తగిలితే మెలి తిరిగి అంటుకుంటుంది, వదిలితే మళ్ళీ దారమే. జబ్బులో ఆ దారం నడిమిభాగం బల్లపరుపుగా మడతపడి, ఒకదాని మీద ఒకటి పేరుకుని పోగులవుతుంది. ఒక్కటి అలా మడతపడితే పక్కవాటినీ అదే మడతలోకి లాగుతుంది. గిన్నెడు పాలకి చెంచాడు తోడు చాలినట్టు. కాకపోతే తోడులో సూక్ష్మజీవులుంటాయి, ఇక్కడ ఏ జీవీ లేదు. ఆకారమే ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుతుంది.

పాడైన ప్రోటీన్లని ముక్కలు చేసి పారేసే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంది. వయసు మీదపడేకొద్దీ అది మందగిస్తుంది, పోగులు ముదిరాక దాని చేత కాదు. జర్మన్ వైద్యుడు ఫ్రెడ్రిక్ లెవీ ఈ ముద్దల్ని 1912లోనే వర్ణించారు. అవి ప్రధానంగా సైన్యూక్లిన్‌వేనని తేలింది మాత్రం 1997లో. నడిమి మెదడులో నల్లగా కనిపించే భాగంలో, కదలికలకి కావలసిన డోపమిన్‌ని తయారుచేసే కణాలకి దెబ్బ బాగా తగులుతుంది. చెయ్యి వణికే నాటికి వాటిలో దాదాపు సగం పోయి ఉంటాయి.

పప్పుకీ ఈ జబ్బుకీ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది; మాత్ర దగ్గర ఉంది. మీ అత్తగారు వాడేది లెవోడోపా (మెదడులో డోపమిన్‌గా మారే మందు) అయితే, అది కూడా ఒక అమైనో ఆమ్లమే. పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి దాటడానికి పప్పు, చేపల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలతో ఒకే ద్వారం దగ్గర పోటీపడాలి. అందుకే మాత్ర భోజనానికి అరగంట, ముప్పావుగంట ముందు నీళ్ళతో వెయ్యండి, పాలతో వద్దు. కడుపులో తిప్పితే రెండు బిస్కెట్లో, గుప్పెడు మరమరాలో చాలు. తిన్నాక వెయ్యాల్సివస్తే కనీసం గంటన్నర ఆగండి. ఐరన్ మాత్రకీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

60 కిలోల మనిషికి రోజుకి సుమారు 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. మధ్యాహ్నం పప్పన్నం తిన్నాక మాత్ర పట్టడం లేదని ఆవిడే గమనిస్తే, డాక్టరుతో మాట్లాడి పగలు అంబలి, అన్నం, కూరలు ఉంచి పప్పు, గుడ్డు, చేప రాత్రికి మార్చండి. మార్చమన్నాం, మానమనలేదు.

విశాఖలో మందు రాయించుకుని సొంత ఊళ్ళో కొనేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. షాపులో కంపెనీ మారితే పేరు కాదు, అంకెలు చూడండి. 110 అంటే లెవోడోపా 100, దాన్ని దారిలో కాపాడే కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. 125 అంటే 100, 25. లెవోడోపా రెండింట్లోనూ అంతే. కార్బిడోపా రోజుకి 70 మిల్లీగ్రాములైనా అందకపోతే లెవోడోపా చాలావరకు దారిలోనే డోపమిన్‌గా మారి వాంతులు పెడుతుంది. ఆ వాంతులకి మెటోక్లోప్రమైడ్ వాడకూడదు, వణుకు పెంచుతుంది. రెండు వారాల మాత్రలు ఎప్పుడూ ఇంట్లో నిలవుండాలి. ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళు కొయ్యబారి తీవ్ర జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి సంతలో దూలగొండి గింజల పొడి కొనిచ్చారు. మాత్ర మానేసి అది వాడొచ్చా?
– రాయగడ పాఠకుడు

జవాబు: దూలగొండిలో లెవోడోపా ఉన్నమాట నిజం. ఆ నిజమే ఇక్కడ చిక్కు. గింజల్లో అది రకాన్ని బట్టి 3 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. అంటే పది గ్రాముల పొడిలో 300 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 600 ఉండొచ్చు. పొట్లానికీ పొట్లానికీ రెట్టింపు తేడా. పైగా కార్బిడోపా లేదు కాబట్టి వాంతులు, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరగడం మామూలే. మాత్ర మీద ఇది కలిపితే వణుకు తగ్గినట్టే తగ్గి, చేతులూ మెడా వాటంతటవే మెలికలు తిరగొచ్చు. ఈపాటికే వాడేసి ఉంటే డాక్టరు దగ్గర దాచకండి, పొట్లం పట్టుకెళ్ళి చూపించండి. మాత్రైనా, పొడైనా డోపమిన్ లోటు తీరుస్తుందే గానీ సైన్యూక్లిన్ ముద్దల్ని కరిగిస్తుందని రుజువు లేదు.

ప్రశ్న: ఈ ప్రోటీన్ కణం నుంచి కణానికి పాకుతుందని ఫోనులో చదివాను. మా మేనమామ కంచంలో పిల్లలు తింటారు. అంటుకుంటుందా?
– జయపురం

జవాబు: అంటుకోదు. పాకేది ఒకే మనిషి మెదడు లోపల. పిండం నుంచి తీసిన కణాలు మెదడులో అమర్చిన కొందరు పార్కిన్సన్స్ రోగుల్లో, పదేళ్ళు దాటాక ఆ కొత్త కణాల్లోనూ ఇవే ముద్దలు కనిపించాయని 2008లో తెలిసింది. పాకుతుందన్న మాటకి అది పెద్ద ఆధారం. కంచం, లాలాజలం, సేవ చెయ్యడం వల్ల వచ్చిన దాఖలా లేదు. వంశపారంపర్యం కొద్దిమందిలోనే. 50 ఏళ్ళలోపు మొదలైనా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉన్నా అప్పుడు జన్యుపరీక్ష మాట అడగండి.

ప్రశ్న: నాకు 58. ఐదేళ్ళుగా మలబద్ధకం, ఇంగువ వాసన కూడా తెలియడం లేదు. నిద్రలో కలలకి తగ్గట్టు చేతులు విసురుతున్నానని మా ఆవిడ అంటోంది. ఈ ప్రోటీన్‌కి పరీక్ష, మందు ఉన్నాయా?
– బరంపురం

జవాబు: మీరు చెప్పిన మూడూ, ముఖ్యంగా నిద్రలో చేతులు విసరడం, వణుకు కంటే ఏళ్ళ ముందు కనిపించగలవు. ముద్దలు చాలామందిలో వాసన నరాల దగ్గర, పేగుల నరాల్లో మొదలై పైకి పాకుతాయన్నది జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం 2003లో ప్రతిపాదించిన లెక్క; అందరిలోనూ అలాగే జరగదు. వెన్నునీటిలో మడతపడ్డ సైన్యూక్లిన్‌ని పట్టే పరీక్ష ఉంది, కానీ పరిశోధనల్లోనే వాడుక ఎక్కువ. దాన్ని తొలగించాలని ప్రయత్నించిన రెండు యాంటీబాడీ మందుల ఫలితాలు 2022లో వచ్చాయి. రెండూ అనుకున్న లక్ష్యం చేరలేదు. ఇప్పటికి మీరు చెయ్యాల్సింది నరాల డాక్టరుకి చూపించుకోవడం. వెళ్ళేటప్పుడు గ్యాసుకి, కళ్ళు తిరగడానికి వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. లెవోసల్పిరైడ్, సినరిజిన్, ఫ్లునరిజిన్ లాంటివి ముద్దలేవీ లేకపోయినా ఇలాంటి వణుకే తెప్పిస్తాయి. మాన్పిస్తే చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గిపోతుంది. నిద్రలో చేతులు విసిరినప్పుడు దెబ్బ తగలకుండా, మంచం పక్కన గాజుసామాను, బల్ల ఉంటే దూరం జరపండి.