ఆరు నెలలు బియ్యం తీసుకోకపోతే రేషన్ కార్డు పోయినట్టేనా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. కూలి పనులకు చెన్నై వెళ్లి ఏడు నెలలు ఉండిపోయాం. తిరిగొచ్చి రేషన్‌కు వెళ్తే కార్డు ‘ఇనాక్టివ్’ అయిందని డీలర్ తిప్పి పంపేశాడు. కొత్త కార్డుకు పెట్టుకోవాలా? రాని నెలల బియ్యం ఇస్తారా? మా అత్తగారికి వేలిముద్రలు కూడా సరిగా పడటం లేదు.
- ఒక గృహిణి

జవాబు: టెన్షన్ పడకండి. మీ కార్డు ఆగింది, రద్దు కాలేదు. కేంద్రం 2025 జులైలో రేషన్ నియంత్రణ ఉత్తర్వును సవరించింది. ఆరు నెలలు సరుకులు తీసుకోని కార్డును దాని ప్రకారం తాత్కాలికంగా నిలిపేయొచ్చు. అయితే ఆపేసి ఊరుకుంటే కుదరదు. మూడు నెలల్లో క్షేత్రస్థాయిలో విచారించి, ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) చేసి, మీరు అర్హులో కాదో అధికారులే తేల్చాలి. అందుకని కొత్త కార్డు జోలికి వెళ్లకండి, ఉన్నదాన్నే తెరిపించుకోండి.

డీలర్‌తో గొడవపడి లాభం లేదు, అది అతని చేతిలో లేని పని. తహసీల్దార్‌కు తెల్లకాగితం మీద అర్జీ రాయండి. కార్డు నంబరు, ఊరు విడిచి వెళ్లిన కారణం, తిరిగొచ్చిన తేదీ, డీలర్ ఇవ్వనన్న తేదీ అందులో ఉండాలి. రసీదు లేకుండా మాత్రం ఆఫీసు గుమ్మం దాటొద్దు. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే రేపు రుజువుండదు.

ఇక రాని బియ్యం సంగతి. ఇవ్వాల్సిన ధాన్యం ఇవ్వకపోతే ప్రభుత్వం ఆహార భద్రతా భత్యం చెల్లించాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం సెక్షన్ 8 చెబుతోంది. మీరు దుకాణానికే వెళ్లని నెలలకు అది అడగలేరు. వెళ్లినా ఇవ్వని నెలలకు, అర్హులని తేలాక, మనిషికి 5 కిలోల లెక్కన అడగండి. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డైతే కుటుంబానికి 35 కిలోలు. పట్టుదలగా అడిగితే గానీ ఈ భత్యం డబ్బు రాదు, ముందే చెబుతున్నా.

మీ అత్తగారికి కంటిపాపతో, అంటే ఐరిస్‌తో ప్రయత్నించమనండి. వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో అర్హులకు సరుకులు ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ 2017లోనే రాష్ట్రాలకు రాసింది.

తహసీల్దార్ కదలకపోతే అదే ఆహార భద్రతా చట్టం సెక్షన్ 15 కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉన్నారు. ఆయన ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. హైకోర్టు దాకా వెళ్లే అవసరం చాలామందికి రాదు.

మళ్లీ చెన్నై వెళ్లేట్టయితే ‘ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు’ కింద అక్కడి రేషన్ దుకాణంలోనే బియ్యం తీసుకోండి. కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్పి వేలిముద్ర వేస్తే చాలు.