పిల్లల సైకియాట్రిస్ట్ అవుతానంటే నాన్నకెందుకు భయం?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. పిల్లల సైకియాట్రిస్ట్ అవుతానని పట్టుబట్టింది. ఆ చదువు ఎప్పటికి పూర్తవుతుంది? ‘పిచ్చి డాక్టర్’ అంటే సంబంధాలు వస్తాయా? బదులుగా ఆరు నెలల ఆన్‌లైన్ చైల్డ్ సైకాలజీ కోర్సు చేయిస్తే సరిపోదా? – ఓ తండ్రి

జవాబు: మూడు ప్రశ్నలు వేశారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మధ్యలోదే. కన్నతండ్రే ‘పిచ్చి డాక్టర్’ అని రాస్తే పెళ్లివారు ఇంకేమంటారు సార్? ఆ మాటకు జడిసే, పిల్లాడికి మూడేళ్లొచ్చినా మాటలు రాకపోతే తాయెత్తు కట్టించి ఊరుకునేవాళ్లున్నారు. ముందు ఆ మాట మీ ఇంట్లో మానేయండి.

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ సైకియాట్రీ మూడేళ్లు. అక్కడితోనే పిల్లల్ని చూడొచ్చు. ప్రత్యేకంగా పిల్లల సైకియాట్రీలోనే డీఎం అనే పైచదువు చేయాలంటే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట్ల మరో మూడేళ్లు. సీట్లు బాగా తక్కువ. నీట్ గురించి కాలేజీవాళ్లు రోజూ చెవిలో ఊదుతూనే ఉంటారు, నేను చెప్పను.

ఆన్‌లైన్ కోర్సు మీదే నా అనుమానమంతా. ఈమధ్య ప్రతి ఫోన్‌లోనూ దాని ప్రకటనే. ఆసక్తి కొద్దీ చదివితే తప్పులేదు. కానీ ఆ సర్టిఫికెట్‌తో జబ్బు నిర్ధారించే అర్హత రాదు. మందులు రాయకుండా పరీక్షలు, మాటలతో సాయపడే క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలన్నా కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు, అక్కడ రిజిస్ట్రేషన్ ఉండాలి.

పిల్లల సైకియాట్రిస్ట్ గదిలో ఏం జరుగుతుందో తెలుసా? వెళ్లగానే మందుల చీటీ రాయరు. బొమ్మ కారు ఇచ్చి చూస్తారు: పిల్లాడు దాన్ని నడుపుతాడా, బోర్లా తిప్పి చక్రమే తిప్పుతూ కూర్చుంటాడా? కావలసింది వేలితో చూపిస్తాడా, అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడా? పిలిస్తే పలకకపోతే ముందు చెవుల పరీక్ష. క్లాసులో ఉండుండి కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, మళ్లీ మామూలైపోయే పిల్లను టీచర్ ‘పరధ్యానం’ అంటుంది. అది ఒకరకం మూర్ఛ కావచ్చు, మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ తీస్తే బయటపడవచ్చు. ఇంటి సంగతులు, బడి నోటుబుక్కులు, నిద్ర, తిండి అన్నీ అడుగుతారు. కాస్త పెద్దపిల్లలైతే అమ్మానాన్నలను బయటికి పంపి విడిగా మాట్లాడతారు. ఇదంతా ఆరు నెలల వీడియోల్లో వస్తుందా?

ఆ కోర్సు సరిపోదా అన్నారు, ఇంతకంటే పోల్చేదేం లేదు. మీ అమ్మాయికి చాలా టైముంది. ఎంబీబీఎస్‌లో అందరికీ సైకియాట్రీ పోస్టింగ్, అంటే ఆ విభాగంలో కొన్నాళ్ల శిక్షణ ఉంటుంది. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో సీటొస్తే మన ఎంజీఎం ఆసుపత్రిలోనే చూస్తుంది. అప్పుడు మనసు మారి సర్జన్ అవుతానన్నా కానివ్వండి. ఇప్పటికైతే ఆ కోర్సు ఫీజు కట్టకండి.