రవాణా నిధులు బస్సులకా, సైకిల్ దారులకా? ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది

ప్రభుత్వం మీ ప్రాంతానికి రవాణా నిధులు ప్రకటించిందని, కొత్త బస్సులు కొనాలని కొందరూ కాలిబాటలు, సైకిల్ దారులు వేయాలని మరికొందరూ పట్టుబడుతున్నారని రాశారు. ఏది మేలని అడిగారు. కొన్నేళ్లపాటు ఒక ప్రాంతీయ బస్సు సంస్థలో టైమ్‌టేబుళ్లు వేసే విభాగంలో పనిచేశాను. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఈ తగాదా కంటే ముందు కనిపించేది ఒకటుంది: వచ్చే డబ్బు కొనడానికా, నడపడానికా?

మాకు ఒకసారి కొత్త బస్సులు మంజూరయ్యాయి. పెద్దలు వచ్చారు, రిబ్బన్లు కత్తిరించారు, ఫొటోలు దిగారు. డ్రైవర్ల జీతాలకు, ఇంధనానికి, మరమ్మతులకు మాత్రం అదనంగా ఏమీ రాలేదు. ఇక చేసేదేముంది, పాత బస్సులను పక్కన పెట్టి అవే ట్రిప్పులకు కొత్తవి పంపాం. ప్రయాణికులకు మెత్తటి సీట్లు దక్కాయి. బస్సు మాత్రం ఎప్పటిలాగే గంటకొకటి.

ఈ లెక్క బయటివారికి అంతగా తెలియదు. రానూపోనూ రెండు గంటలు పట్టే రూటులో గంటకొక బస్సు నడపాలంటే రెండు బస్సులు చాలు. పావుగంటకొకటి కావాలంటే ఎనిమిది ఉండాలి. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తిరిగే ఒక్కో బస్సుకూ కనీసం ఇద్దరు డ్రైవర్లు కావాలి. వారాంతపు సెలవులు, జబ్బులు, శిక్షణ కలుపుకుంటే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. బస్సు ఒకసారి కొంటే ఏళ్లపాటు ఉంటుంది, జీతాలు నెలనెలా ఇవ్వాలి. అందుకే ప్రభుత్వాలకు కొనడం ఇష్టం, నడపడం కష్టం. ఫ్రాన్స్ ఈ చిక్కును 1971లోనే గుర్తించి, పారిస్ ప్రాంతంలోని యజమానుల నుంచి జీతాల మొత్తాన్ని బట్టి రవాణా పన్ను వసూలు చేయడం మొదలుపెట్టింది. తర్వాత దాన్ని ఇతర నగరాలకూ విస్తరించారు. ఏటా వచ్చే ఆదాయం కనుక ఏటా అయ్యే ఖర్చుకు పనికొస్తుంది.

ఇంతకీ బస్సుల మధ్య వ్యవధికి ఇంత ప్రాధాన్యం దేనికంటే, బస్సు ఎంత వేగంగా పోయినా తప్పిపోతే గంట ఆగాలన్న భయం ముందు అది దిగదుడుపే. వాహనం కొనగలిగిన వారు ఆ భయంతోనే కొనేస్తారు. వ్యవధి తగ్గించలేని చోట కనీసం వేళలైనా కలపాలి. ఇందులో స్విట్జర్లాండ్‌ను మించినవారు లేరని నా అభిప్రాయం. అక్కడ 1982లో దేశమంతటా రైళ్లను ప్రతి గంటా అవే నిమిషాలకు వచ్చేలా అమర్చారు. తర్వాత 'రైల్ 2000' పథకం కింద కొత్త మార్గం వేసి, 2004 చివర్లో జ్యూరిక్, బెర్న్‌ల మధ్య ప్రయాణాన్ని గంట లోపుకు, దాదాపు 56 నిమిషాలకు తెచ్చారు. అంతకు మించిన వేగం వారి లక్ష్యం కాదు. గంట లోపు చేరితే రెండు చివరలా తర్వాతి రైలూ బస్సూ అందుతాయి, వారికి కావలసింది అదే. ముందు టైమ్‌టేబుల్ గీసుకుని, దానికి అవసరమైన చోటే పట్టాలు వేశారు. మాకైతే కట్టేసిన తర్వాత ఫైలు పంపి, దీనికి తగ్గట్టు వేళలు వేయమనేవారు!

టికెట్ ధర తగ్గిస్తే చాలదా అని కూడా అడిగారు. ఉన్న సర్వీసు బాగుంటే బాగా పనిచేస్తుంది. 2022 జూన్ నుంచి ఆగస్టు దాకా జర్మనీ నెలకు 9 యూరోల టికెట్ ఇస్తే కోట్ల సంఖ్యలో అమ్ముడైంది. పల్లెల్లో మాత్రం రాని బస్సుకు చవక టికెట్ దేనికన్న మాట వినిపించింది. న్యాయమైన మాటే.

ఇక నడక, సైకిల్. వీటిని బస్సుకు పోటీగా చూడటం నాకెప్పుడూ మింగుడుపడలేదు. నడిచి పది నిమిషాల్లో సుమారు 800 మీటర్లు వెళ్తాం, సైకిల్ మీద రెండున్నర కిలోమీటర్లు. దూరం మూడు రెట్లయితే చుట్టూ విస్తీర్ణం తొమ్మిది రెట్లవుతుంది. అంటే భద్రమైన సైకిల్ దారి, స్టాపు దగ్గర తాళం వేసుకునే చోటు ఉంటే, ఒక్క బస్సు కూడా పెంచకుండానే ఆ స్టాపు అన్ని రెట్ల ప్రాంతానికి అందుబాటులోకి వస్తుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ కట్టడం వెనుక ఉన్నదీ ఈ లెక్కే. ముక్కలు ముక్కలుగా వేసే దారులు మాత్రం దండగ. స్పెయిన్‌లోని సెవిల్‌లో 2007 నాటికి దాదాపు 80 కిలోమీటర్ల దారులను ఒకదానితో ఒకటి కలిసేలా, వాహనాల నుంచి వేరుగా వేశారు కాబట్టే జనం సైకిలెక్కారు.

మా రూట్లలో ఒక స్టాపు ఉండేది. పొద్దున ఎక్కేవారు బాగానే ఉండేవారు, సాయంత్రం దిగేవారు అందులో సగం కూడా కాదు. కారణం టైమ్‌టేబుల్‌లో లేదు. సాయంత్రం బస్సు రోడ్డుకు అవతలి వైపు ఆగుతుంది, అక్కడ దీపం లేదు, రోడ్డు దాటే చోటు లేదు. పొద్దున బస్సెక్కినవారు సాయంత్రం ఎవరి వాహనమో పట్టుకుని ఇంటికి చేరేవారు. కావలసిందల్లా రెండు దీపాలు, ఒక సిగ్నలు. కానీ బస్సు మాది, రోడ్డు వేరే శాఖది, కాలిబాట పురపాలక సంఘానిది, ఈ ఖర్చు ఎవరి పద్దులోనూ లేదు. ఆ దీపాలు, సిగ్నలు వచ్చేసరికి శాఖల మధ్య ఉత్తరాల కట్ట ఎంత లావైందో చెప్పలేను. వచ్చాక సాయంత్రం దిగేవారు పెరిగారు.

కాబట్టి ప్రజాభిప్రాయం సేకరించే సమావేశానికి వెళ్తే బస్సులా, సైకిళ్లా అన్న వాదనలో దిగకండి. ఐదో ఏట డ్రైవర్ల జీతాలు ఏ పద్దు నుంచి వస్తాయో అడగండి. రాత్రి చివరి బస్సు ఎన్నింటికో, ఆదివారం సంగతేమిటో అడగండి. స్టాపు నుంచి ఇళ్ల దాకా దారి ఏ శాఖ బాధ్యతో చెప్పించి, ఆ జవాబులు సమావేశపు మినిట్స్‌లోకి ఎక్కేలా చూడండి. ముసాయిదా టైమ్‌టేబుల్ ఉంటే ఇమ్మనండి. అది లేదంటే పథకంలో ఇప్పటికి ఉన్నది కొనుగోళ్ల జాబితా మాత్రమే.