12వ వారం స్కాన్ బాగుంటే టిఫా స్కాన్ మానేయవచ్చా?

12వ వారం స్కాన్ బాగానే వచ్చింది కనుక మళ్లీ డబ్బు పోసి టిఫా (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో వెతికే ఐదో నెల స్కాన్) ఎందుకని మీ ఇంట్లో వారు అంటున్నట్లు రాశారు. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే మాట అన్నారు. కానీ కడుపులోని బిడ్డ పేగులు 8వ వారం ప్రాంతంలో బొడ్డుతాడులోకి జరిగి, 12వ వారానికల్లా తిరిగి పొట్టలోకి చేరడం సహజమే కనుక, ఆ రోజుల్లో అవి బయట కనిపించినంత మాత్రాన లోపమని తేల్చలేరు. నాకు 12వ వారంలో స్కాన్ ఐదు నిమిషాల్లో ముగించి ఇచ్చిన రిపోర్టులో అంతా సవ్యమేనని ఉంది. వయసు మాత్రం వేరెవరిదో, 34 అని ఉంది. అప్పటికి నాకు 20 ఏళ్లు.

20వ వారంలో వేరే చోట టిఫా చేస్తున్న డాక్టరుగారు ఉన్నట్టుండి మాట్లాడటం మానేసి, ఒకే చోట చాలాసేపు ఆగి, తరువాత తెరను నా వైపు తిప్పారు. బొడ్డుతాడుకు కుడి పక్కన, ఉమ్మనీటిలో జంతికల చుట్టల్లాంటివి తేలుతున్నాయి. "ఇవి పేగులమ్మా. వీటి మీద పొర లేదు, తాడు మాత్రం ఉండవలసిన చోటే ఉంది" అన్నారు. దానిని గాస్ట్రోస్కైసిస్ అంటారని, చిన్న వయసు తల్లుల్లోనే ఎక్కువగా చూస్తామని చెప్పారు. అదే పేగుల మీద పొర ఉండి, తాడు ఆ తిత్తికే అతుక్కుని ఉంటే ఆంఫలోసీల్ అవుతుందని, అప్పుడు గుండెను, క్రోమోజోములను కూడా పరీక్షించవలసి వస్తుందని వివరించారు. అత్తయ్యగారు మాత్రం గ్రహణం నాడు నేను కత్తిపీట ముట్టుకోవడమే కారణమని నేటికీ నమ్ముతారు. ఆ మాట విని నేను ఏడ్చినంతగా స్కాన్ గదిలో కూడా ఏడవలేదు.

ముందే తెలియడం వల్ల మాకు దక్కిన మేలు ఒక్కటే, కానీ అదే అన్నిటికంటే పెద్దది: కాన్పు ఎక్కడ జరగాలో నిర్ణయించుకోగలిగాము. పిల్లల సర్జన్ ఉన్న హైదరాబాద్ ఆసుపత్రిలో, బాబు పుట్టిన వెంటనే పేగులు ఎండిపోకుండా, వేడి తగ్గకుండా చంకల వరకు శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచి, తరువాత పేగులకు సైలో అనే సిలికాన్ తొడుగు వేసి, దానిని పైకి వేలాడదీసి రోజూ కొంచెం కొంచెంగా లోపలికి దించారు. ఆరో రోజున పొట్ట మూశారు. పాలు పట్టడానికి మాత్రం మూడు వారాలు ఆగవలసి వచ్చింది. మా ఊరి నర్సింగ్ హోమ్‌లోనే కాన్పు అయి ఉంటే, ఆ పసివాడిని పాత తువ్వాలులో చుట్టి అంబులెన్స్ కోసం ఎదురుచూసేవాళ్లం.

అందువల్ల ఐదు నిమిషాల్లో ముగిసే టిఫాను నేను స్కాన్‌గా లెక్కించను. మీరు 19, 20 వారాల మధ్యనే వెళ్లండి. రిపోర్టు చేతికి రాగానే, బొడ్డుతాడు పొట్టకు చేరే చోటును చూసినట్లు రాశారో లేదో వెతకండి. ఆ మాట లేకపోతే అక్కడి నుంచి కదలకుండా డాక్టరుగారినే అడగండి.