టెక్ సందేహాలు: డ్యాక్ లైటు వెలుగుతోంది, పాటే రావడం లేదు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే పెట్టె గురించి వచ్చాయి. అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై బోర్డు, దాని యూఎస్‌బీకి ఒక డ్యాక్, అక్కడి నుంచి ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న యాంప్లిఫయర్, స్పీకర్లు. ఫైల్‌లోని అంకెలను స్పీకర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే డబ్బానే డ్యాక్ అంటారు. ఇలా కట్టుకున్న మ్యూజిక్ స్ట్రీమర్ పనిచేసినన్నాళ్లూ హాయిగా ఉంటుంది. మూగబోతే మాత్రం తప్పు ఎక్కడుందో ఒక పట్టాన దొరకదు. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మాది మల్కాజిగిరి. రిటైరయ్యాక కాలక్షేపానికని మా అబ్బాయి రాస్‌బెర్రీ పై 3బీలో వాల్యూమియో అనే పాటల సాఫ్ట్‌వేర్ వేసి, యూఎస్‌బీ డ్యాక్, పోర్టబుల్ హార్డ్‌డిస్క్ తగిలించి ఇచ్చాడు. పాత పాటలు బాగానే వస్తున్నాయి. ఎక్కువ నాణ్యత ఉండే 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు పెడితే చిటపటమంటోంది. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి అసలు శబ్దమే రాదు, ఫోన్‌లో చూస్తే పాట మాత్రం నడుస్తూనే ఉంటుంది. అబ్బాయి అమెరికా నుంచి మెమరీ కార్డు ఫార్మాట్ చేసి మళ్లీ అన్నీ ఎక్కించమంటున్నాడు. చేయమంటారా?

వద్దండీ. కార్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెండింటికీ కలిపి ఒకే మందు వేస్తే ఏది దేనివల్ల తగ్గిందో తెలియదు, వారం తిరక్కుండా మళ్లీ మొదటికి వస్తుంది.

ముందు కరెంటు పోయి వచ్చాక మూగబోయే సంగతి చూద్దాం. మీ బోర్డు నుంచి శబ్దం బయటికి రావడానికి మూడు దారులున్నాయి: హెచ్‌డీఎంఐ, హెడ్‌ఫోన్ జాక్, యూఎస్‌బీకి తగిలించిన డ్యాక్. లోపలున్న లైనక్స్ వీటిని సౌండ్ కార్డులుగా లెక్కపెట్టి 0, 1, 2 అని నంబర్లు ఇస్తుంది. ఎవరు ముందు కనబడితే వాళ్లకు ముందు నంబరు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకోవడం లాంటిదే. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఈ తోపులాట మళ్లీ మొదలవుతుంది. మీ డ్యాక్ ఒక్క క్షణం ఆలస్యంగా లేచిందా, నిన్న అది కూర్చున్న సీట్లో ఇవాళ హెడ్‌ఫోన్ జాక్ కూర్చుని ఉంటుంది. ప్లేయర్‌కు ఆ సంగతి తెలియక పాటను పాత నంబరుకే పంపిస్తుంది. జాక్‌కు మీరేమీ తగిలించలేదు కాబట్టి వినేవాళ్లు లేరు. పాట నడుస్తున్నట్టు ఫోన్‌లో కనిపించేది అందుకే. అది నిజంగానే నడుస్తోంది, మీ గదిలోకి రావడం లేదంతే.

దీన్ని అనుమానంగా వదిలేయకుండా బోర్డునే అడిగి తెలుసుకోవచ్చు. వాల్యూమియోలో బయటి నుంచి కమాండ్లు ఇచ్చే ఎస్ఎస్‌హెచ్ దారిని మామూలుగా మూసి ఉంచుతారు. బ్రౌజర్‌లో ప్లేయర్ అడ్రస్ చివర స్లాష్ పెట్టి డెవ్ అని చేరిస్తే వచ్చే పేజీలో దాన్ని ఎనేబుల్ చేసే బటన్ ఉంటుంది. లోపలికి వెళ్లాక ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ (lsusb) అని టైప్ చేయండి. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. యూఎస్‌బీకి తగిలించినవన్నీ వరుసగా కనిపిస్తాయి. తర్వాత ‘ఏప్లే’ (aplay) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, చిన్న ఎల్ పెట్టండి. సౌండ్ కార్డుల పట్టిక వస్తుంది.

రెండు చోట్లా డ్యాక్ పేరు ఉంటే వస్తువులో లోపం లేదు, సెట్టింగ్ దారి తప్పింది. ప్లేబ్యాక్ ఆప్షన్లలోకి వెళ్లి అవుట్‌పుట్ డివైజ్ దగ్గర డ్యాక్‌ను మళ్లీ ఎంచుకుని సేవ్ చేయండి. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేకపోతే డ్రైవర్ దగ్గర ఆగింది. అసలు మొదటి పట్టికలోనే లేకపోతే కార్డును పదిసార్లు ఫార్మాట్ చేసినా లాభం లేదు. తప్పు కేబుల్‌దో, పవర్‌దో, డ్యాక్‌దో అయి ఉండాలి.

కేబుల్ అన్నాను కాబట్టి నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట కోఠీలో ఒక దుకాణంలో పొట్టి యూఎస్‌బీ కేబుల్ కొన్నాను. డ్యాక్‌కు పెడితే నీలం లైటు నిక్షేపంగా వెలిగింది. పాట లేదు. లైటు వెలిగింది కదా, కేబుల్ బాగానే ఉందని నమ్మేసి ఒక ఆదివారమంతా సాఫ్ట్‌వేర్ తీసి వేసి, తీసి వేసి కూర్చున్నాను. సాయంత్రానికి చిరాకు పుట్టి అదే కేబుల్‌తో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపితే చార్జింగ్ ఎక్కుతోంది, ఫోటోలు మాత్రం కనబడటం లేదు. యూఎస్‌బీ 2 కేబుల్లో నాలుగు తీగలుండాలి: రెండు కరెంటుకు, రెండు డేటాకు. ఇందులో కరెంటువి రెండే ఉన్నాయి. ఎల్ఎస్‌యూఎస్‌బీ అని పొద్దున్నే కొట్టి ఉంటే భోజనాల వేళకు ముందే తేలిపోయేది.

మీ ఇంట్లో అంత దూరం వెళ్లక్కర్లేదనుకుంటాను. డ్యాక్‌కు విడిగా అడాప్టర్ ఉంటే కరెంటు వచ్చాక ముందు దాన్ని ఆన్ చేయండి, బోర్డును తర్వాత. రెండూ ఒకే స్విచ్ మీద ఉంటే ఒకసారి బోర్డును మాత్రం రీస్టార్ట్ చేయండి. మామూలు రాస్‌బెర్రీ పై ఓఎస్ మీద పాటలు వాయించే ఎంపీడీ ప్రోగ్రామ్ వేసుకున్నవారు కాన్ఫిగరేషన్ ఫైల్‌లో కార్డు నంబరు బదులు కార్డు పేరు రాసుకుంటే ఈ సీట్ల గోల శాశ్వతంగా తీరుతుంది.

ఇక చిటపటలు. దీనికి చాలామంది మొదట చెప్పే కారణం ‘ఫైల్ పెద్దది, యూఎస్‌బీకి సరిపోవడం లేదు’ అని. లెక్క వేసి చూడండి. సీడీ నాణ్యత పాటకు సెకనుకు 14 లక్షల బిట్లు కావాలి. మీ 192 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో పాటకు 92 లక్షలు. యూఎస్‌బీ 2 దారి సామర్థ్యం 48 కోట్ల బిట్లు. ఇరుకన్న మాటే లేదు. ఇబ్బంది వేళ తప్పడంలో ఉంది.

హార్డ్‌డిస్క్‌లోకి ఫైల్ కాపీ చేసేటప్పుడు ఒక ముక్క పాడైతే యూఎస్‌బీ దాన్ని మళ్లీ పంపుతుంది. పాట విషయంలో అలా కాదు. పంక్తి భోజనం గుర్తు తెచ్చుకోండి. వడ్డించేవాడు సాంబారు బకెట్‌తో నడుస్తూ పోతుంటాడు. మీ ఆకు దాటి వెళ్లిపోయాడంటే మీ కోసం వెనక్కి రాడు, ఆ ముద్ద ఉత్తి అన్నమే. యూఎస్‌బీ ఆడియో వడ్డన అలాంటిది. హై స్పీడ్ డ్యాక్‌కు, అంటే ఆ 48 కోట్ల బిట్ల వేగంతో మాట్లాడే డ్యాక్‌కు, సెకనుకు 8,000 సార్లు వరకు వడ్డిస్తారు. 192 కిలోహెర్ట్జ్ పాట అయితే ప్రతిసారీ ఒక్కో చానెల్‌కు 24 శాంపిల్స్, అంటే శబ్దాన్ని కొలిచి రాసుకున్న అంకెలు. ఒక్క వడ్డన తప్పినా చెవికి ‘చిట్’ మని తెలుస్తుంది. అసింక్రనస్ అని రాసి ఉన్న డ్యాక్‌లు తమ సొంత గడియారం పెట్టుకుని ‘ఇంకొంచెం వెయ్యి’, ‘ఇక చాలు’ అని బోర్డుకు చెబుతూ ఉంటాయి. అయినా వడ్డించే చెయ్యి వణికితే అవి మాత్రం ఏం చేస్తాయి!

మీ బోర్డులో ఆ చెయ్యి ఒక్కటే. పై 3బీలో నాలుగు యూఎస్‌బీ రంధ్రాలు, నెట్ కేబుల్ రంధ్రం అన్నీ ఒకే చిప్ గుండా, ఒకే యూఎస్‌బీ 2 లైను మీద ప్రాసెసర్‌కు చేరతాయి. హార్డ్‌డిస్క్ నుంచి పాట చదవడం, నెట్‌వర్క్ మాటలు, డ్యాక్‌కు వడ్డన, అన్నీ ఆ సందులోనే. 2019లో వచ్చిన పై 4లో నెట్ కేబుల్‌కు విడిగా దారి ఇచ్చారు. అంతమాత్రాన కొత్త బోర్డు కొనేయకండి. నా అనుమానం అంతకన్నా చవకైన దాని మీద ఉంది: అడాప్టర్.

పోర్టబుల్ హార్డ్‌డిస్క్ తన కరెంటును బోర్డు నుంచే లాక్కుంటుంది, తిరగడం మొదలుపెట్టేటప్పుడు మరీ ఎక్కువ. పై 3బీకి చెప్పిన అడాప్టర్ 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్లు. ఇంట్లో పడి ఉన్న ఫోన్ చార్జర్‌ను సన్నటి వైరుతో పెడితే మధ్యలోనే వోల్టేజ్ జారిపోతుంది. 4.63 దాటి కిందికి దిగితే బోర్డే ఫిర్యాదు చేస్తుంది. ఎలాగంటే, ఎప్పుడూ వెలగాల్సిన ఎర్ర లైటు ఆరి వెలుగుతుంది. ఈ రాత్రి గదిలో లైట్లు ఆర్పి, ఆ 192 పాట ఒకటి పెట్టి, బోర్డు మూలనున్న ఎర్ర చుక్కనే చూస్తూ కూర్చోండి. చిటపట వచ్చినప్పుడల్లా అది కూడా కన్నుకొడితే దొంగ దొరికినట్టే.

అంకె కావాలంటే ‘వీసీజెన్‌సీఎండీ’ (vcgencmd) అని కొట్టి, ఖాళీ వదిలి, ‘గెట్ అండర్‌స్కోర్ త్రాటిల్డ్’ (get_throttled) అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. జవాబు ‘సున్నా ఎక్స్ సున్నా’ అయితే పవర్‌తో పేచీ లేదు. చివర 50000 అని వస్తే ఇప్పుడు బాగానే ఉంది కానీ ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో వోల్టేజ్ పడింది. 50005 అని వస్తే ఈ క్షణంలోనే పడి ఉంది.

దేన్నీ కొనకముందు ఇంకో పరీక్ష. బోర్డును సరిగ్గా షట్‌డౌన్ చేసి హార్డ్‌డిస్క్ తీసేయండి. అవే పాటలు రెండు పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టండి. చిటపటలు పోతే డిస్క్‌ను సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌కు మార్చండి, బోర్డుకు సరైన అడాప్టర్ తెచ్చుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్తే రెండూ చూడవచ్చు. ‘ఫాస్ట్ చార్జర్ సార్, 33 వాట్లు’ అంటే వెంటనే తీసుకోకండి. ఆ వాట్లు ఫోన్ అడిగే ఎక్కువ వోల్టేజ్ దగ్గర ఇచ్చేవి. చార్జర్ మీది చిన్న అక్షరాల్లో 5 వోల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లని ఉందో చదవండి.

పెన్‌డ్రైవ్‌తోనూ చిటపటమంటే ప్లేబ్యాక్ ఆప్షన్లలో రీశాంప్లింగ్ (పాట కిలోహెర్ట్జ్‌ను మార్చి పంపడం) ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి, పాటను ముందుగా కొంత నిల్వ చేసుకునే ఆడియో బఫర్ సైజు ఒక మెట్టు పెంచండి. 192 ఫైళ్లు సీడీ కన్నా వినసొంపుగా ఉంటాయా అన్నది వేరే తగువు, నన్ను అందులోకి లాగకండి.

డ్యాక్ పేరు కనిపిస్తోంది, సరైన అవుట్‌పుట్ ఎంచుకున్నాను, అయినా నిశ్శబ్దం. కొత్త డ్యాక్ పాడైందా? – వనస్థలిపురం

వాపసు ఇచ్చే ముందు, పైన చెప్పిన ఎస్ఎస్‌హెచ్ దారిలో ‘ఆల్సామిక్సర్’ (alsamixer) అని కొట్టి తెరవండి. ఎఫ్6 నొక్కితే కార్డుల జాబితా వస్తుంది, డ్యాక్‌ను ఎంచుకోండి. నిలువు గీత కింద ఎంఎం అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు. ఎం నొక్కితే అది 00 అవుతుంది. పై బాణంతో వాల్యూమ్ పెంచండి. పనిలో పనిగా యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను ముందే తగ్గించి ఉంచండి, లేకపోతే పక్కింటివాళ్లు కూడా వింటారు.

డీఎస్‌డీ ఫైళ్లు పెడితే పాట బదులు జోరున వాన కురిసినట్టు శబ్దం. మిగతావి బాగున్నాయి. – కూకట్‌పల్లి

ముందు స్పీకర్లను కాపాడుకోండి, ఆ హోరు ట్వీటర్లను, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లను, కాల్చేయగలదు. మామూలు పాటల్లో శబ్దాన్ని శాంపిల్స్‌గా రాస్తారు, దాని పేరు పీసీఎం. డీఎస్‌డీ అలాంటిది కాదు. సెకనుకు 28 లక్షలకు పైగా ఒంటి బిట్ల ధార. దాన్ని యూఎస్‌బీలో పంపడానికి పీసీఎం వేషం వేస్తారు, ఆ పద్ధతి పేరు డాప్. ‘లోపల ఉన్నది డీఎస్‌డీ సుమా’ అని డ్యాక్‌కు చెప్పడానికి ప్రతి శాంపిల్ మీదా ఒక గుర్తు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాల్యూమ్ ఒక్క గీత కదిలినా ఆ అంకెలన్నీ మారిపోయి గుర్తు చెరిగిపోతుంది. డ్యాక్ వేషాన్నే నిజమనుకుని వాయించేస్తుంది, అదే మీరు విన్న వాన. ప్లేబ్యాక్ ఆప్షన్లలో మిక్సర్ టైప్‌ను ‘నన్’ (None, అంటే ఏదీ వద్దు) చేసి వాల్యూమ్‌ను యాంప్లిఫయర్ దగ్గర పెట్టుకోండి. మీ డ్యాక్‌కు అసలు డీఎస్‌డీ తెలియకపోతే ప్లేయర్‌లో డాప్ ఆపేసి, పీసీఎంగా మార్చి పంపమనండి.

పాట లేనప్పుడు స్పీకర్లలో సన్నగా ‘హమ్’ వస్తోంది. యూఎస్‌బీ ఐసొలేటర్ పెడితే పోతుందన్నారు. – మెహిదీపట్నం

బోర్డును కాసేపు పవర్ బ్యాంక్ మీద నడిపి చూడండి. హమ్ పోతే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ తీగల గుండా పెట్టెల మధ్య చుట్టూ తిరిగే కరెంటు. బోర్డు, డ్యాక్, యాంప్లిఫయర్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చి, డిష్ కేబుల్ ఏదైనా యాంప్లిఫయర్‌కు తగిలి ఉంటే దాన్ని ఊడదీసి వినండి. ఎర్త్ పిన్ విరిచేయమనే సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు. దయచేసి వినకండి, అది హమ్ కన్నా పెద్ద ప్రమాదం. ఐసొలేటర్ అంటే రెండు వైపుల మధ్య కరెంటు సంబంధం తెంచి డేటాను మాత్రం దాటించే డబ్బా. చవక ఐసొలేటర్లలో చాలావరకు సెకనుకు 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్‌కే పరిమితం, పేరు అలా ఉన్నా అది హై స్పీడ్ కన్నా నెమ్మది. వాటి గుండా పెడితే హై స్పీడ్ కోరే డ్యాక్ అసలు కనబడకపోవచ్చు, లేదా 96 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోవచ్చు. కొనేముందు హై స్పీడ్ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోండి.

వెండి పూత ఉన్న యూఎస్‌బీ కేబుల్ ఎనిమిది వేలు చెబుతున్నారు. గొంతు ఇంకా తేటగా వినిపిస్తుందట. నిజమేనా?

నాకైతే నమ్మకం లేదు. అంకెలు తేడా లేకుండా చేరుతున్నంత కాలం వెండిదైనా రాగిదైనా డ్యాక్‌కు అందేవి అవే అంకెలు. పొడవు 5 మీటర్లు మించకుండా, రెండు చివర్లా బిగుతుగా కూర్చుంటే చాలు. మీ డ్యాక్ వెనక చదరపు రంధ్రం ఉందన్నారు కదా, ప్రింటర్లకు వచ్చేది కూడా అదే కేబుల్. ఇంట్లో పాత ప్రింటర్ మూలపడి ఉంటే దాని వైరు పెట్టి ఓ పాట విని చూడండి.