రిజర్వుడు స్థానంలో బీ-ఫారం ఎవరి జేబులో?

ప్రశ్న: మాది ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ నియోజకవర్గం. అభ్యర్థి దళితుడే అయినా, టికెట్ ఎవరికి దక్కాలో తేల్చేది మాత్రం ఇతర కులాల పెద్దలు. దళితుల ప్రతినిధిని దళితులే ఎంచుకునే పద్ధతి ఎన్నడూ లేదా? (ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా)

జవాబు: సగం ఉండేది. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు (అంటే దళితుల ప్రతినిధికి దళితులే ఓటు వేసే పద్ధతి) ప్రకటించగా, దానికి నిరసనగా గాంధీజీ యరవాడ జైలులో నిరాహార దీక్షకు పూనుకోవడంతో, సెప్టెంబరు 24న అంబేద్కర్‌కు పూనా ఒడంబడికపై సంతకం చేయక తప్పలేదు. రాష్ట్రాల శాసనసభల్లో దళితుల సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, మన మద్రాసు ప్రెసిడెన్సీకే 30 వచ్చాయి. ఓటు మాత్రం ఉమ్మడి అయింది. అయితే ఆ ఒడంబడికలో ఇప్పుడు పెద్దగా ఎవరూ తలవని నిబంధన ఒకటుంది: ముందుగా దళిత ఓటర్లే నలుగురిని ఎంపిక చేయాలి, ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. 1937, 1946 ఎన్నికల్లో అమలైన ఈ తొలి వడపోత రాజ్యాంగంలోకి మాత్రం రాలేదు. నేడు ఆ వడపోతను పార్టీలు తమ చేతుల్లోకి తీసుకున్నాయి.

రిజర్వుడు స్థానాల్లోనూ చాలాచోట్ల ఎస్సీ ఓటర్లు మైనారిటీయే. రెండు లక్షల ఓట్లలో వారివి యాభై వేలనుకుందాం. అవి కూడా మాల, మాదిగ ఓట్లుగా పార్టీల మధ్య చీలితే గెలుపోటములు మిగిలిన లక్షన్నర చేతిలో ఉంటాయి. కాబట్టి ఊళ్లలో భూమి, కాంట్రాక్టులు, ఎన్నికల ఖర్చు ఎవరి గుప్పిట్లో ఉన్నాయో వారికి ‘ఇబ్బంది లేని మనిషి’ కోసం పార్టీలు వెతుకుతాయి. సాక్షాత్తు అంబేద్కరే 1952లో బొంబాయిలో కాంగ్రెస్ నిలబెట్టిన దళిత అభ్యర్థి కజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు. ఇక ఈ మధ్య నేను కళ్లారా చూసిన ముచ్చట: నామినేషన్ రోజున అభ్యర్థి కొత్త ఖద్దరు చొక్కాతో రిటర్నింగ్ అధికారి కార్యాలయం ముందు వేపచెట్టు కింద నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు, అతని బీ-ఫారం (పార్టీ అధికారిక అభ్యర్థి ఇతడేనని పార్టీ ఇచ్చే పత్రం) మాత్రం ఏసీ కారులో కూర్చున్న పెద్దాయన జేబులో ఉంది. ఆయన దిగేదాకా ఎవరూ కదలలేదు.

అంతమాత్రాన రిజర్వేషన్ వృథా అనను. ఆంధ్రప్రదేశ్‌లో 175కి 29, తెలంగాణలో 119కి 19 స్థానాలు ఎస్సీలకు కేటాయించి ఉండకపోతే, జనరల్ స్థానాల్లో దళితుడికి టికెట్ ఇచ్చే పార్టీని భూతద్దం పెట్టి వెతకాల్సి వచ్చేది. కులం ఆధారంగా ప్రత్యేక ఓటర్ల జాబితా అంటే రాజ్యాంగం 325వ అధికరణం ఒప్పుకోదు. కానీ బీ-ఫారం రాసేముందు ఆ నియోజకవర్గంలోని తన దళిత సభ్యుల చేత పార్టీయే ఓటు వేయించి అభ్యర్థిని తేల్చుకుంటానంటే ఏ చట్టమూ అడ్డురాదు.